గురివింద కళ్ల దయ్యాలు

నిరుడు దయ్యాల వేషాల పండుగ హాలోవీన్ మర్నాడు పొద్దున సుష్మ బాల్కనీ తలుపు తీసేసరికి ఒక పావురం గ్రిల్‌కు తలకిందులుగా వేలాడుతోంది. పిల్లలు సరదాకి చుట్టిన ప్లాస్టిక్ సాలెగూడు దాని కాళ్లకూ ఒక రెక్కకూ బిగుసుకుపోయింది. కత్తెరతో ఒక్కో పోగూ తెంపి వదిలితే అది ఎగరలేదు. గోడవారగా కుంటుకుంటూ నడిచి పోయింది. కింద చెత్తడబ్బాల పక్కన, ఏఎస్ రావు నగర్‌లో కొన్న రబ్బరు ముఖాలు, థర్మకోల్ పుర్రెలు గుట్టగా పడి ఉన్నాయి. సుష్మ తాముండే నాచారంలోనే ఒక బళ్లో మూడు, నాలుగు తరగతులకు పరిసరాల విజ్ఞానం చెబుతుంది. బళ్లో ఒకటి చెప్పి ఇంట్లో ఇంకొకటి చేస్తున్నానా అని ఆమెకు సిగ్గేసింది.

అందుకే ఈ ఏడు పది రోజుల ముందే అపార్ట్‌మెంట్ గ్రూపులో మెసేజ్ పెట్టింది. "ఈసారి పిల్లల హాలోవీన్ నేను చేయిస్తాను. ప్లాస్టిక్ ముక్క కూడా ఉండదు. ఎవరూ ఏమీ కొనకండి."

నిజంగానే ఏమీ కొననివ్వలేదు. కొరియర్ అట్టపెట్టెలు కత్తిరించి మాస్కులు చేసింది. పాత పంచెలు చింపి దయ్యాల అంగీలు కుట్టింది. నలుపుకు బొగ్గుపొడి, ఎరుపుకు బీట్‌రూట్ రసం, అంటించడానికి ఉడికించిన మైదా. ఉప్పల్ మార్కెట్ నుంచి తెచ్చిన తియ్యగుమ్మడికాయలను తొలిచి దీపాలు పెట్టింది, తొలిచిన గుజ్జుతో రెండు రోజులు ఇంట్లో దప్పళమే. చాక్లెట్లకు బదులు మోదుగాకు దొప్పల్లో నువ్వుల ఉండలు. పన్నెండు మంది పిల్లలు రోజూ సాయంత్రం ఆమె హాల్లోనే ఉన్నారు. ఆమె కూతురు ధనశ్రీ, మూడో తరగతి, వాళ్లందరికీ మేస్త్రీ.

మాస్కులకు కళ్లు మాత్రం కుదరలేదు. బొత్తాలు పెడదామంటే అవీ ప్లాస్టిక్కే. ఆ మాట మెట్ల దగ్గర అంటుంటే లింగమ్మ విన్నది. ఈ అపార్ట్‌మెంట్ ఉన్న చోట ఒకప్పుడు లింగమ్మ వాళ్ల జొన్నచేను ఉండేది. బిల్డరుకు ఇచ్చినందుకు వచ్చిన ఫ్లాటులో, మొదటి అంతస్తులో, కొడుకు భూపాల్, కోడలు త్రివేణి, నాలుగేళ్ల మనవడు రిషితో ఉంటుంది. ముసలామె లోపలికి పోయి ఒక రేకు డబ్బా తెచ్చింది. నిండా గురివింద గింజలు. ఎర్రగా, నున్నగా, కొసన నల్ల చుక్కతో, దయ్యం కళ్లకోసమే పుట్టినట్టున్నాయి. వాటితోపాటు అవే గింజలు గుచ్చిన పాత దండ కూడా ఇచ్చింది. భూపాల్ పసివాడుగా ఉన్నప్పుడు దిష్టికి కట్టిన దండట.

"గివి పిల్లల కోసమా బిడ్డా?" అని అడిగింది లింగమ్మ.

"అవును మామ్మగారూ. దయ్యాలకు కళ్లు."

"పిల్లల చేతుల ఇడిసిపెట్టకు. నోట్ల ఏస్కుంటరు."

"నేను చూసుకుంటాను లెండి."

బొత్తం మింగినా అదే మాట, గోళీ మింగినా అదే మాట, పెద్దవాళ్లు అనేదే కదా అనుకుంది సుష్మ. గురివింద తన నలుపెరగదనే సామెత ఆమె తరగతిలో ఎన్నిసార్లు చెప్పిందో. ఆ గింజలో ఇంకేమైనా ఉంటుందేమోనన్న ఆలోచనే రాలేదు. దండ తెంపి, డబ్బాలోవీ దండలోవీ ఒకే గిన్నెలో పోసి, ఒక్కో మాస్కుకు రెండేసి మైదాతో అంటించింది.

శుక్రవారం సాయంత్రం ఐదున్నరకు దయ్యాలు బయలుదేరాయి. ఐదంతస్తులూ తలుపులు కొట్టి, పెద్దవాళ్లను బెదిరించి, చివరికి మేడమీదికి చేరాయి. గుమ్మడి దీపాల వెలుగులో పిల్లలు కేకలు పెడుతూ పరుగెత్తుతుంటే సుష్మకు కడుపు నిండినట్టయింది. అప్పుడు ధనశ్రీ పడీపడీ నవ్వుతూ వచ్చి ఆమె చున్నీ లాగింది.

"అమ్మా, రిషిగాడు దయ్యం కన్ను మింగేశాడు!"

సుష్మ కూడా నవ్వింది. "అయితే వాడి పొట్టలోంచి దయ్యం చూస్తుంటుందిలే" అంది. రిషి తలమీదికి నెట్టుకున్న మాస్కు సరిచేయబోయి ఆగింది. కుడికన్ను ఉన్న చోట ఎండిన మైదా మరక మాత్రమే ఉంది.

వాడి పిడికిళ్లు విప్పింది. లేదు. నోరు తెరిపించింది. నువ్వులు తప్ప ఏమీ లేదు. ఎందుకు చూడాలనిపించిందో కానీ, ఫోన్ తీసి గురివింద గింజ మింగితే ఏమవుతుందని వెతికింది. మొదటి మూడు లైన్లలోనే ఉంది. విషం. నమిలితే ఒక్క గింజ చాలు. వెంటనే ఏమీ కనిపించకపోవచ్చు, లక్షణాలు ఆలస్యంగా మొదలవుతాయి.

త్రివేణి పది అడుగుల దూరంలో దొప్పలు పంచుతోంది. ఆమెను పిలవాలి. సుష్మ పిలవలేదు. ఫోన్ లైటు వేసి, మోకాళ్లమీద కూర్చుని, మేడ నేలంతా వెతకడం మొదలుపెట్టింది. ఎక్కడో ఊడిపడి ఉంటుంది. దొరికితే ఎవరికీ చెప్పనక్కర్లేదు. అనవసరంగా తల్లిని బెదరగొట్టడం దేనికి? ఆ దయ అంతా త్రివేణి మీద కాదని, తన మీద తనకేనని వెతుకుతున్నప్పుడే ఆమెకు తెలుసు. అయినా వెతికింది. నీళ్ల ట్యాంకు కింద, పూలకుండీల వెనక, పిల్లల కాళ్ల మధ్య. ఒక్కో ఎర్రటి నువ్వుల ఉండ ముక్కనూ ఏరి వెలుగులో చూసింది. లేచి చూసేసరికి ఫోన్‌లో నాలుగు నిమిషాలు గడిచాయి.

"త్రివేణీ."

"ఏందక్కా? మొకం గట్లయిందేంది?"

"రిషి మాస్కుకి పెట్టిన గింజ మింగాడేమో. గురివింద. అది మంచిది కాదట. విషమట."

త్రివేణి చేతిలో దొప్ప అలాగే ఉంది. "అత్తమ్మ ఇచ్చిన గురిగింజనా?" అని ఒక్కమాట అడిగింది. తర్వాత కొడుకును చంకనేసుకుని వాడి నోట్లో వేలు పెట్టబోయింది. పిట్టగోడ దగ్గర కూర్చున్న లింగమ్మ గబుక్కున లేచి ఆమె చెయ్యి పట్టుకుంది.

"వాంతి గిట్ల జేపియ్యకు! నమిలిండో మింగిండో మనకెర్కనా? దవాఖానకు ఉర్కు బిడ్డా, నిలబడకు!"

భూపాల్ ఆ రోజు పనిమీద కరీంనగర్ పోయాడు. మూడో అంతస్తులో లాప్‌టాప్ ముందున్న సుష్మ భర్త కళ్యాణ్‌ను పిలిస్తే, చెప్పులు కూడా వేసుకోకుండా కారు తాళాలతో దిగాడు. త్రివేణి వెనక సీట్లో కూర్చుంది. రిషి ఆమె ఒళ్లో పంచె అంగీతో, తెల్లగా, కారెక్కినందుకు సంబరపడుతూ ఉన్నాడు. సుష్మ ఒక కాలు కార్లో పెట్టింది. పైన మెట్ల మీదుగా పిల్లల నవ్వులు వినిపించాయి. పదకొండు మాస్కులు. ఇరవై రెండు కళ్లు.

"మీరు పదండి" అంది భర్తతో, కాలు వెనక్కి తీసుకుని. "ఏవండీ, డాక్టరుకి గింజ పేరు సరిగ్గా చెప్పండి."

లింగమ్మ అప్పటికే ఇంట్లోంచి ఒక ఇత్తడి తాంబాళం తెచ్చింది. ఇద్దరూ మేడమీదికి పరుగెత్తేసరికి పిల్లలు ఎవరిళ్లకు వాళ్లు దిగిపోతున్నారు. మెట్లమీద దొరికిన నలుగురి మాస్కులు లాక్కున్నారు. మిగతా ఏడుగురికోసం ఇల్లిల్లూ తిరగాలి. గంట కిందట దయ్యాలు కొట్టిన తలుపులే.

రెండో అంతస్తులో రామ్మోహనరావుగారు, అసోసియేషన్ సెక్రటరీ, తలుపు తీస్తూనే "మళ్లీ వచ్చాయా దయ్యాలు!" అని నవ్వారు. సుష్మ మొహం చూసి నవ్వు ఆపేశారు.

"మీ మనవరాలి మాస్కు ఇచ్చెయ్యండి, బాబాయ్‌గారూ. దాని కళ్లు విషపు గింజలు. నోట్లో పెట్టుకుందేమో చూడండి. నేనే పెట్టాను."

ఆయన మాస్కు తెచ్చి ఇచ్చారు. కళ్లు రెండూ ఉన్నాయి. "ప్లాస్టిక్ వద్దని మా అందరికీ క్లాసు పీకావు కదమ్మా" అన్నారు. "టీచరువి. ఇది చూసుకోవద్దూ?"

లింగమ్మ పక్కనుంచి "ఇచ్చినదాన్ని నేను. నన్నంటే అను అయ్యా" అంది.

ప్రతి తలుపు దగ్గరా అదే మాట చెప్పాలి, ప్రతి తలుపు దగ్గరా ఒక తల్లి మొహం తెల్లబోవడం చూడాలి. అయిదో ఇంటికీ అది అలవాటు కాలేదు. పిల్లల నోళ్లు తెరిపిస్తున్నారు, జేబులు దులుపుతున్నారు, ఎందుకు తిడుతున్నారో తెలియక పిల్లలు ఏడుస్తున్నారు. తాంబాళంలో మాస్కులు ఒకదానిమీద ఒకటి పడి, ఎర్రటి కళ్లతో పైకి చూస్తున్నాయి. ఇంతకుముందు ముద్దొచ్చిన ఆ చూపు ఇప్పుడు సుష్మ చూడలేకపోయింది.

నాలుగో అంతస్తులో హృషికేశ్ మాస్కుకు ఎడమకన్ను లేదు.

వాడికి తొమ్మిదేళ్లు. సుష్మ వాడి భుజాలు పట్టుకుంది. "నాన్నా, నిన్ను ఎవరూ కొట్టరు. మింగావా?"

"లేదాంటీ. రిషికి ఇచ్చా. వాడి దయ్యానికి మూడో కన్ను కావాలన్నాడు."

"వాడేం చేశాడు దాన్ని?"

"తెలీదు. నేను దాక్కోడానికి వెళ్లిపోయా."

సుష్మ మెట్లమీదినుంచే కళ్యాణ్‌కు ఫోన్ చేసింది. "ఒకటి కాదండీ" అంది. "రెండేమో."

మిగిలిన ఇళ్లన్నీ చూసి, మాస్కులు తన బాత్రూంలో పెట్టి తాళం వేసి, ధనశ్రీని రామ్మోహనరావుగారి కోడలికి అప్పజెప్పి, లింగమ్మతో ఆటో ఎక్కేసరికి ఎనిమిది దాటింది. ఉప్పల్ వైపు నుంచి వచ్చే బళ్లతో రోడ్డు నిండిపోయి ఉంది. ఆటో అడుగు కదిలి అడుగు ఆగుతోంది. లింగమ్మ కళ్లు మూసుకుని చెప్పింది.

"నా చిన్నప్పుడు మా పక్కింటోళ్ల బర్రెకు ఎవడో పగతోటి గురిగింజలు నూరి పెట్టిండు. పెద్ద బర్రె. మూడు రోజులకు పడ్డది. మల్ల లెవ్వలే."

"మరి నాకెందుకు చెప్పలేదు మామ్మగారూ?"

"నోట్ల ఏస్కుంటరని జెప్పిన గదా బిడ్డా. సదువుకున్నదానివి, నీకెర్కే ఉంటదనుకున్న."



పిల్లల దవాఖానాలో రిషి మంచంమీద కూర్చుని ఉన్నాడు. విషాన్ని పీల్చడానికి తాగించిన బొగ్గుమందుతో వాడి పెదాలు, పళ్లు, గడ్డం నల్లగా ఉన్నాయి. సుష్మను చూసి నల్లని నోటితో నవ్వాడు. త్రివేణి ఆమెవైపు చూడలేదు.

డాక్టరమ్మ చిన్నవయసుదే కానీ ఒక్క మాట కూడా వృథాగా మాట్లాడే మనిషి కాదు. "ఈ గింజ పైతొక్క గట్టిది. తొక్క చెదరకుండా మింగితే చాలావరకు అలాగే బయటికి వచ్చేస్తుంది. నమిలినా, ముందే తూటు పడి ఉన్నా లోపలిది కడుపులోకి దిగుతుంది. మీరు పెట్టినవి తూటు పొడిచినవా, పొడవనివా?"

సుష్మ కళ్లముందు ఆ గిన్నె కనిపించింది. డబ్బాలోవి నున్నగా, దండలోవి సూదితో గుచ్చి.

"రెండూ కలిపేశాను" అంది. "ఏది ఎక్కడ అంటించానో తెలియదు."

డాక్టరమ్మ రిషివైపు వంగింది. "గింజ కొరికావా నాన్నా?"

"కరకర అన్నది" అన్నాడు రిషి.

త్రివేణి మంచం కమ్మీ పట్టుకుంది.

"గింజనా, నువ్వుల ఉండనా?"

"ఉండ." కాసేపు ఆలోచించి, "గింజ గూడ" అన్నాడు.

"ఎన్ని మింగావు?"

వాడు నాలుగు వేళ్లు చూపించాడు. నీకెన్నేళ్లు అన్నా, మీ ఇంట్లో ఎంతమంది అన్నా ఆ వేళ్లే చూపిస్తాడు వాడు. అక్కడున్న అందరికీ ఆ సంగతి తెలుసు, డాక్టరమ్మకు తప్ప. అయినా త్రివేణి ఆ నాలుగు వేళ్లనూ తన గుప్పిట్లో మూసేసింది.

"దీనికి విరుగుడు మందు లేదు" అంది డాక్టరమ్మ. "కనిపెట్టుకుని ఉండాలి. వాంతులు, విరేచనాలు, రక్తం, నిద్రమత్తు, ఏది కనిపించినా వెంటనే పిలవండి. రెండు మూడు రోజులు ఇక్కడే."

రాత్రికి భూపాల్ వచ్చాడు. కొడుకు కాళ్ల దగ్గర కూర్చున్నాడు. సుష్మ గది బయట బెంచీమీద కూర్చుంది. ఇంటికి పొమ్మని ఎవరూ అనలేదు, లోపలికి రమ్మనీ అనలేదు. తలుపు కిర్రుమన్నప్పుడల్లా లేచి నిలబడేది. నర్సు చేతిలో ఏముందో చూసి మళ్లీ కూర్చునేది.

శనివారం పగలంతా రిషి ఆడుకున్నాడు. దానికే ఆమెకు ఎక్కువ భయం వేసింది, మొదట ఏమీ ఉండదని చదివింది కనుక. సాయంత్రం నాలుగింటికి వాడు ఉన్నట్టుండి ఆట ఆపి కడుపు పట్టుకున్నాడు. రెండు వాంతులు, వెంటవెంటనే విరేచనాలు. లోపల త్రివేణి "సారూ! అక్కా! ఎవరన్న రారి!" అని అరుస్తోంది. నర్సులు పరుగెత్తారు. సెలైన్ పెట్టారు, రక్తం తీసుకుపోయారు. తెరిచిన తలుపులోంచి సుష్మకు ఒక్క చిన్న పాదం కనిపించింది, కదలకుండా. ఆ పాదం కదిలేదాకా ఆమె చూపు తిప్పలేదు.

వాడు పోతే? ఆ ప్రశ్న అంతదాకా మాటల్లో రాలేదు. ఇప్పుడు వచ్చింది. వచ్చాక దాని వెనక ఇంకేమీ లేదు. అపార్ట్‌మెంటూ బడీ తన పేరూ ఏదీ గుర్తు రాలేదు. ఆ పాదమొకటే ఉంది.

ఆ రాత్రి గడిచింది. ఆదివారం పదింటికి లింగమ్మ బయటికి వచ్చింది. చేతిలో దవాఖానా వాళ్లిచ్చిన చిన్న డబ్బా. మనవడి మలంలో తానే వెతికి, కడిగి తెచ్చింది. అందులో ఒక గురివింద గింజ. తొక్క చెదరలేదు, తూటు లేదు.

"ఒకటి వచ్చింది బిడ్డా" అంది.

రెండోది రాలేదు. అసలు రెండోది ఉందో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. కొంచెం కొరికి మింగాడో, తూటున్నదో, ఎక్కడైనా పారేశాడో. వాంతులు ఆగాయి. రక్తపరీక్షలు సరిగానే ఉన్నాయి. సోమవారం మళ్లీ చేసినా సరిగానే వచ్చాయి. "నాకు తెలియనివి తెలియవు" అంది డాక్టరమ్మ సంతకం పెడుతూ. "బాబు బాగున్నాడు. ఇంటికి తీసుకెళ్లండి."

అపార్ట్‌మెంట్ కింద కారు దిగాక త్రివేణి కొడుకును భూపాల్‌కు ఇచ్చి పైకి పంపింది. అప్పుడు సుష్మవైపు తిరిగింది. మూడు రోజుల్లో మొదటిసారి.

"నేనెందుకు ఊకున్ననో ఎర్కనా అక్కా? నోరు తెరిస్తే నా కొడుక్కు ఏమైతదోనని. గిప్పుడు వాడు మంచిగున్నడు. గిప్పుడు ఇను." ఆమె గొంతు ఒక్కసారి లేచింది. "ప్లాస్టిక్ వద్దంటివి, మంచిదే అనుకున్న. నీ ఎంబడి తిరిగి నేను గూడ పంచెలు చింపిన. చెట్టుకు కాసిందల్ల మంచిదని ఎవరు జెప్పిన్రు నీకు? చేతిల ఫోను ఉన్నది గదా! పది దినాల ముందుగాల ఒక్కపారి సూస్తె ఏంబోయె?"

వాచ్‌మన్ తల తిప్పుకున్నాడు. సుష్మ అడ్డు చెప్పలేదు. త్రివేణి ఆయాసపడి ఆగినప్పుడు, చెప్పకుండా ఉండిపోదామనిపించిన మాట చెప్పింది.

"ఇంకొకటి ఉంది త్రివేణీ. వాడు మింగాడని తెలిశాక నీకు వెంటనే చెప్పలేదు. నాలుగు నిమిషాలు నేలమీద వెతికాను. దొరికితే నీకు చెప్పకూడదనుకున్నాను."

త్రివేణి ఆమెను చాలాసేపు చూసింది. తర్వాత మెట్లెక్కి పోయింది.

ఆ సాయంత్రమే సుష్మ గ్రూపులో అంతా రాసింది, గింజ ఫొటోతో సహా. లింగమ్మ మాస్కుల కళ్లన్నీ పీకి, డబ్బాలో మిగిలినవి కలిపి, మూతికి టేపు చుట్టి దవాఖానా వాళ్లకు అప్పగించి వచ్చింది. తర్వాత పన్నెండు రోజులు త్రివేణి మెట్లమీద ఎదురైనా తల తిప్పుకునే పోయింది. సుష్మ కూడా పలకరించే ధైర్యం చేయలేదు. కలలో ఒక చిన్న పాదం కనిపించి ఉలిక్కిపడి లేచేది.

పదమూడో రోజు ఆదివారం పొద్దున కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే త్రివేణి, రిషి.

"అత్తమ్మకు కండ్ల పరీక్ష ఉన్నది. ఆయన చెంగిచెర్ల పోయిండు" అంది త్రివేణి, గుమ్మం వైపు చూస్తూ. "గంటల వస్త. వీణ్ని జర సూస్తవా?"

"నేనా?"

"ఇంకెవరు? మస్తు సతాయిస్తున్నడు, సుష్మాంటీ తానకు పోత అని."

సుష్మకు వద్దని చెప్పాలనిపించింది. చేతులు చాచింది.

త్రివేణి మెట్లు దిగిపోయాక ఆమె హాలంతా ఒకసారి చూసింది. ధనశ్రీ రబ్బరు, పెన్సిలు మూతలు, నేలమీది అగ్గిపుల్ల, పూలకుండీలో గులకరాళ్లు. ఒక్కొక్కటీ ఏరి అల్మరా పైన పెట్టింది. రిషి నేలమీద కూర్చుని బిస్కెట్ తింటున్నాడు. ఆమె వాడికి ఎదురుగా, మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుంది. వాడు నమలడం ఆపగానే అంది.

"నోరు తెరువు నాన్నా."

వాడు పెద్దగా తెరిచాడు.

"బిస్కటే ఆంటీ" అన్నాడు. "మింగిన."

ఆమె తల ఊపింది. కానీ లేవలేదు. గంట తర్వాత బెల్ మోగేదాకా అక్కడే, వాడి చొక్కా అంచు పట్టుకుని కూర్చుంది.